కోయకూడని పూలు

కనకాంబరం రంగు ఏ పెట్టెలోనూ దొరకదు. నా పాస్టెల్ పెట్టెలో నారింజకు నాలుగు ఛాయలు, గులాబీకి మూడు ఉన్నాయి; వాటిలో ఏదీ అది కాదు. ముందు లేత పసుపును కాగితపు గరుకు నిండేటట్లు పలుచగా పరచి, దానిమీద నారింజను గట్టిగా అదమకుండా కడ్డీ పక్కవాటుతో రుద్ది, చివరికి గులాబీ పొడిని వేలికొనతో అద్దితే ఆ రంగుకు దగ్గరగా ఒకటి వస్తుంది. దగ్గరగా రావడం వేరు, రావడం వేరు. కనకాంబరం రేకు సన్నని పొరలా ఉంటుంది. వెలుతురు దాని గుండా పోతుంది. కాగితం గుండా పోదు. ఈ తేడాను ఏ పొడితోనూ పూడ్చలేమని తెలిసి కూడా, ఆ శ్రావణమాసంలో మా అన్న తోటలో కూర్చుని, పేజీ తర్వాత పేజీ అదే ప్రయత్నం చేస్తూ ఉన్నాను.

నేను గుంతకల్లులో రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేస్తాను. రిలేలనూ కేబుళ్ళనూ దీపాలనూ పరీక్షించి, అంకెలు రాసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. మా పనిలో రంగులు మూడే. మూడింటికీ అర్థం ముందే నిర్ణయమై ఉంటుంది. చూసినవాడు వెంటనే లోబడవలసిందే. ఏ రంగూ ఎవరినీ ఏమీ ఆజ్ఞాపించని చోటు ఒకటి కావాలనిపించి, నడివయసులో ఈ బొమ్మల పుస్తకం మొదలుపెట్టాను. మందపాటి గరుకు కాగితం, మెత్తని పొడి పాస్టెళ్ళు, పేజీకీ పేజీకీ మధ్య బటర్ పేపరు. బొమ్మ కింద తేదీ, వేళ, గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో రాస్తాను. ఉద్యోగపు అలవాటు అక్కడికీ వచ్చింది.

గాలి దిక్కు రాయడానికి కారణం ఉంది. మా పీఠభూమి మీద ఆషాఢ శ్రావణాల్లో పడమటి గాలి ఆగదు. మబ్బులను నిలవనివ్వదు, పొడి రంగును కాగితం మీద నిలవనివ్వదు. అందువల్ల మోటారు గదికి తూర్పున, గోడ చాటున, రెండు క్లిప్పులతో పుస్తకాన్ని చెక్కకు బిగించి కూర్చునేదాన్ని. అక్కడి నుంచి చూస్తే ముందు బంతిసాళ్ళు, వాటి వెనక కనకాంబరాలు, గట్టు పొడుగునా ఎర్రని కోడిజుట్టు పూలు, వాటికవతల చీనీ చెట్లు కనిపిస్తాయి. బత్తాయిని మా వైపు చీనీ అంటారు.

మా వైపు తోట అంటే బోరు నీళ్ళు పారే నేల. మిగిలినదంతా వానకు వదిలేసిన మెట్ట. మా అన్నకు ఉన్నది ఒక్క బోరు. ఆ నీళ్ళు చీనీ చెట్లకు అని అన్న, కొంత తన పూలకు అని వదిన. వదిన పుట్టిల్లు గోరంట్ల దిక్కు. వాళ్ళ ఇంటి చుట్టూ పూలు ఉండేవట. మా ఊరికి కాపురానికి వచ్చిన నాటి నుంచి వేరుశనగ చేలు తప్ప వేరేమీ చూడని మనిషి, పిల్లలు పెద్దవాళ్ళయి హాస్టళ్ళకు వెళ్ళాక, అర ఎకరంలో తనకంటూ ఈ పూలు పెట్టుకున్నది. బోరు తగ్గుతున్నదని తెలిసిన రోజున ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. వరలక్ష్మీ వ్రతం కోత దాకా పూలకు నీళ్ళు కట్టాలి. ఆ కోత మార్కెట్‌కు పోయి, తోట తన ఖర్చు తాను తెచ్చుకుంటే ఉంటుంది. లేకపోతే పైపులన్నీ చీనీకి తిరుగుతాయి.

పండగ శుక్రవారం. నేను వారం రోజుల సెలవు పెట్టి ముందటి ఆదివారమే వచ్చాను. బంతి అప్పటికే మొగ్గ విప్పుతున్నది.

"ఏం మే, పొద్దున్నుంచి ఒక్క పువ్వు మీదనే కూచున్యావే," అన్నది వదిన, కలుపు తీస్తూ నా దగ్గరికి వచ్చి. "ఆ లోపల నేను రెండు సాళ్ళు అయిపోగొట్టినా."

"రంగు కుదరలేదు వదినా."

"కుదరకపోతే ఇడ్సిపెట్టు. కనకాంబరం జోలికి ఎవురు పొమ్మన్యారు నిన్ను? బంతి గీయి. అది ఎవురు గీసినా వస్తాది."

"ఎవరు గీసినా రావడానికి అదేమన్నా ముగ్గా?"

"మీ అన్నను గీయి అయితే. కదలడు, మెదలడు. చీనీ చెట్టు కింద కూచున్యాడంటే ఇంక ఆడనే."

అన్న చీనీ చెట్ల దగ్గర నుంచే కేకవేశాడు. "ఇనపడతాండాది నాకు!"

"ఇనపడాలనే అంటాండా!"

ఆ తోటలో మాటలు ఈ విధంగా నడిచేవి. నాకు ఆ రోజుల్లో అన్నిటికన్నా స్పష్టంగా గుర్తున్నది వదిన నడక. ప్రతి సాలు చివరా ఆగి, వెనక్కి తిరిగి, మొత్తం తోటను ఒకసారి చూసుకుని, మళ్ళీ వంగేది. చూసుకోవడమే ఆమెకు విశ్రాంతి అని నాకు తోచింది.

మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. వదిన సాలు మధ్యన నిలబడి, గాలి హోరుకు ఒక చెవి మూసుకుని, పెద్ద గొంతుతో మాట్లాడుతూ ఉన్నట్టుండి చిన్న గొంతు చేసింది. "ఎప్పుడు?" అని మాత్రం వినిపించింది. తర్వాత ఫోన్‌ను నడుముకు దోపుకుని, కాసేపు బంతిపూల వైపు చూసి, అన్నను పిలిచింది.

"బాయికాడాయన పోయినాడంట."

బాయికాడాయన అంటే మా నాయనకు దాయాది, మాకు చిన్నాయన వరస. పక్క ఊళ్ళో ఉండేవాడు. మా నాయన బతికున్నప్పుడు రెండు కుటుంబాలకూ ఉమ్మడి బావి ఒకటి ఉండేది. ఆయన ఒక వేసవిలో మా కాలువకు గండికొట్టి నీళ్ళు తన చేనికి తిప్పుకున్నాడు. ఆనాటి నుంచి మాటలు లేవు, పెళ్ళిపిలుపులు లేవు. కాని దాయాదితనానికి మాటలతో పనిలేదు. మాట్లాడుకోకపోయినా ఆ ఇంట చావు మా ఇంట మైల. పదకొండో రోజు దాకా దీపం పెట్టకూడదు, దేవుడి వస్తువు ముట్టకూడదు. పండగ ఆ పదకొండు రోజుల లోపలే ఉంది.

నాకు ఈ లెక్క అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. వదినకు పట్టలేదు.

"బతికుండగా నీళ్ళు తిప్పుకొన్యాడు," అన్నది. "సచ్చి పూలు తిప్పుకొన్యాడు."

"పోయినోని గురించి అట్ల అనకూడదు," అన్నాడు అన్న.

"అనకూడదనే ఇన్నేండ్లు అనకుండా ఉన్న్యా. ఈ పొద్దు ఒక్క తూరి అననీ."

అన్న మోటార్‌సైకిలు మీద చావింటికి వెళ్ళి, మధ్యాహ్నం దాటాక వచ్చి, ఇంటి బయటే తలమీద నీళ్ళు పోసుకున్నాడు. వదిన కూడా తలస్నానం చేసి పొయ్యి వెలిగించింది. సంగటి, పప్పు చేసింది. నాకు ఆకలి లేదన్నాను. "సావు కబురు ఇన్యాక కడుపు మాడ్చుకోకూడదు, తిను," అని ఒక ముద్ద పెట్టి, అది అయ్యీ అవకముందే ఇంకో ముద్ద వేసింది. నేను కాదనలేదు. పుట్టింట్లో పెట్టిన ముద్దను తోసెయ్యడం మా వైపు లేదు.

సాయంత్రం ముగ్గురం ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాం. మాట ముందు అన్నే ఎత్తాడు. తనకు తాను ధైర్యం చెప్పుకుంటున్నట్టు మాట్లాడాడు.

"కోసేది, గోతాల్లో కట్టేది, బస్సుకేసేది. హిందూపురంలో దిగినాక ఈ పువ్వు ఎవురింటిదని ఎవురడుగుతారు?"

"ఎవురూ అడగరు," అన్నది వదిన.

"మరి ఇంకేమి?"

"అడగరు గాబట్టే."

అన్నకు అర్థం కాలేదు. నాకూ వెంటనే కాలేదు. ఆమె మా ఇద్దరి వైపూ కాక, వీధి వైపు చూస్తూ చెప్పింది.

"యాడనో ఒక షావుకారింటి కోడలు ఉంటాది. తలంటుకోని, కొత్త చీర కట్టుకోని, మొగుడు సల్లగుండాలని మన పువ్వు కలశానికి పెట్టుకుంటాది. నేను సావింటి చేత్తో కోసిన పువ్వు పంపిచ్చేదా? రేపు ఆ యమ్మ మొగునికి జరమొచ్చినా నాకు తెల్దు. రాకపోయినా తెల్దు. నేను బతికినన్నాళ్ళు దాన్నే తల్సుకుంటా కూచోవాల్నా?"

"పోయిన తూరి మన దాయాదుల్లో ముసిలామె పోయినప్పుడు టమాటా కొయ్యల్యా మనం? అప్పుడు ల్యాని మైల ఇప్పుడు యాడనుంచి వచ్చింది?"

"టమాటా పప్పులో పడతాది. పువ్వు దేవుని మీద పడతాది."

ఆ తోట నిలబడాలని అందరికన్నా ఎక్కువ కోరుకున్న మనిషే అడ్డం నిలబడితే ఎదుటివాళ్ళు చేయగలిగింది ఏమీ ఉండదు. మా పనిలో ఒక నియమం ఉంది. తీగ తెగినా, దీపం ఆరినా, ఏ అనుమానం వచ్చినా సిగ్నల్ తనంతట తాను ఎరుపుకు పడిపోవాలి. బండి ఆగినందువల్ల కలిగే నష్టాన్ని ఆ నియమం లెక్కలోకి తీసుకోదు. దాన్ని ఇన్నేళ్ళుగా నేను గొప్ప నియమంగానే భావించాను. అయితే ఆగిపోయిన బండిలో ఎన్నడూ కూర్చోలేదు.

ఊళ్ళోవాళ్ళ చేత కోయించడానికి వీలు లేదు. మాది చిన్న ఊరు. అందరిదీ ఒకే ఇంటిపేరు, అందరికీ అదే మైల. అన్న పక్క ఊరి కూలి మేస్త్రీకి ఫోన్ చేశాడు. ఆమె నవ్విందట. "ఏమప్పా, పండగ వారంలో పూలు కోసే మనుసులు కావాలంటే నన్నడుగుతాండావా? నాకే చేతులు సాల్లేదు," అన్నదట.

బుధవారం పొద్దున నాకు దారి తోచింది. తోచినప్పుడు ఇంతసేపూ ఎందుకు తోచలేదా అని ఆశ్చర్యపోయాను. నేను పెళ్ళయి వేరే ఇంటికి వెళ్ళిన ఆడపిల్లను. ఈ మైల నాకు లేదు. ఈ ఊళ్ళో ఆ పూలను ముట్టగల చేతులు ఉన్నది నాకు మాత్రమే.

"అర ఎకరం నువ్వొక్కదానివే కోస్తావా?" అన్నాడు అన్న. అంటూనే ఆయన ముఖం మారింది. "కోసినంత కోయి అమ్మీ. ఒక్క గంప బస్సెక్కినా సాలు, నేను అన్న మాట నిలిచినట్టే అనుకుంటా. పైపులు తిప్పను."

వదిన లోపలికి వెళ్ళి, అటక మీది గంపలు దించి, ఒక్కొక్కటే దులిపింది. ఆ తర్వాత, "స్వామిని ఒక మాట అడుగుదాం," అన్నది. స్వామి అంటే కదిరి దారిలో ఉండే పురోహితుడు. మా ఇంట్లో పెళ్ళిళ్ళన్నీ ఆయనే చేయించాడు. వదిన ఫోన్‌ను అందరికీ వినిపించేటట్లు పెట్టి గడప మీద ఉంచింది.

"చెట్టు మీదున్న పూవుకు మైల లేదమ్మా," అన్నాడాయన తాపీగా. "బావిలో నీళ్ళకు మైల ఉంటుందా? కోసే చేతిదే మైల."

"మా ఆడబిడ్డ కోయొచ్చునా స్వామీ? గుంతకల్లులో ఉంటాది. మొన్న వచ్చింది."

"వేరే గోత్రానికి వెళ్ళిన పిల్ల. తలస్నానం చేస్తే చాలు. నిక్షేపంగా కోయొచ్చు."

వదిన నా భుజం పట్టుకున్నది. ఆమె చేతి బరువు ఇప్పటికీ నాకు తెలుస్తుంది. ఆ బరువుతో నేను తోటలో ఎటునుంచి మొదలుపెట్టాలో కూడా నిర్ణయించుకున్నాను. ముందు కనకాంబరాలు, అవి ఎండకు ఆగవు. తర్వాత తూర్పు సాళ్ళ బంతి.

"ఒకటే సంగతి," అన్నది ఫోన్‌లో గొంతు. "కబురు విన్న తర్వాత మీ ఇంట అన్నం తినలేదు కదా ఆ అమ్మాయి?"

గంపల దుమ్ము వెలుతురులో ఇంకా తేలుతూ ఉంది. వదిన చెయ్యి నా భుజం మీదే ఉంది. నేను ఆమె వైపు చూశాను, ఆమె ఫోన్ వైపు చూసింది. అబద్ధం చెప్పడానికి అవసరమైన వ్యవధి ఉండింది. అది గడిచిపోవడం కూడా నాకు తెలిసింది.

"తినింది స్వామీ. నేనే పెట్టినా."

"తిన్నవాళ్ళు ఆ ఇంటివాళ్ళతో సమానం తల్లీ." ఆయన ఒక నిట్టూర్పు విడిచాడు, పాపం, మంచివాడు. "ఇక మీ ఇష్టం."

ఫోన్ ఆగిపోయింది. వదిన నవ్వింది. నవ్వు అని రాస్తున్నాను గాని, దానికి సరైన మాట నా దగ్గర లేదు.

"నీకు ఆకలి ల్యా అన్యావు. అప్పుడే ఇడ్సిపెట్టింటే అయిపోయిండు. ఇంకో ముద్ద తిను, ఇంకో ముద్ద తిను అని నేనే గదా మీద పడి పెట్టినా."

"వదినా, ముద్ద తింటే చేతికి ఏమి అంటుతుంది? సబ్బుతో కడుక్కుంటాను. ఇదంతా ఎవరో ఎప్పుడో అనుకున్న లెక్క."

"నీకు రైళ్ళ సంగతి తెల్సు. ఎర్రలైటు ఉన్నెప్పుడు పట్టాల మీదికి పోవద్దంటే నేను పోతానా? ఎందుకు అని అడుగుతానా? ఇది నాకు తెల్సిన సంగతి. నన్ను అడగద్దు."

గంపలు మళ్ళీ అటక ఎక్కాయి.

గురువారం తెల్లవారి తోట పూర్తిగా విరిసింది. నేను అతిశయోక్తి అలవాటు లేని మనిషిని. అందువల్ల చూసింది చూసినట్టు రాస్తాను. బంతిపువ్వు నిండుగా విచ్చిన రోజున దాని రేకులు గుండ్రని అంచుల దగ్గర కొద్దిగా వెనక్కి వంగుతాయి. నడుమ ఉన్నవి ఇంకా లోపలికి ముడుచుకునే ఉంటాయి. వంగిన చోట పసుపు, ముడిచిన చోట నారింజ. ఆ స్థితి ఒక పొద్దుటి పూట మాత్రమే ఉంటుంది. ఆ ఉదయం దాదాపు ప్రతి మొక్కా ఆ స్థితిలో ఉంది. వేరే సంవత్సరమైతే ఆ వేళకు సాళ్ళ నిండా మనుషులు, అరుపులు, గోతాలు ఉండేవి. ఆ రోజు గాలి ఒక్కటే సాళ్ళ వెంట నడిచింది.

నేను చేయగలిగింది ఒక్కటే ఉంది కనుక దాన్ని చేశాను. పుస్తకం బిగించి కూర్చుని బంతిపూలు గీశాను. ముందు నీడలు, ఊదా రంగుతో పలుచగా వేయాలి, నలుపు వాడకూడదు, నలుపు పసుపును ఆకుపచ్చ చేసి చంపేస్తుంది. తర్వాత ముదురు నారింజ, ఆపైన పసుపు, చివరికి వెలుగు పడిన అంచులకు మాత్రం తెలుపు కలిసిన పసుపుతో ఒక్కొక్క గట్టి గీత. చెయ్యి తనంతట తాను కుదురుకుంది. నా పుస్తకంలో అంతకన్నా మంచి బొమ్మలు లేవు. ఆ సంగతి గీస్తున్నప్పుడే తెలిసింది, తెలిసినకొద్దీ సిగ్గు వేసింది. ఆ పేజీల వల్ల ఒక్క పువ్వు బస్సెక్కదు.

వదిన వచ్చి నా వెనక కూర్చుంది. ముందుకు వంగి పేజీ చూసింది.

"ఈ బొమ్మకు మైల ఉంటాదా?"

"తెలీదు వదినా. స్వామిని అడుగుదామా?"

"వద్దు తల్లీ! మళ్ళ ఆయప్ప ఇంకోటి అడుగుతాడు."

ఇద్దరమూ నవ్వాం. ఆ నవ్వు మధ్యలోనే హిందూపురం పూల వ్యాపారి ఫోన్ చేశాడు. వదిన గొంతు సర్దుకుని, పూలు రావని చెప్పింది.

"ఏమైందక్కా, పురుగు పడిందా?"

"మైల వచ్చింది."

"ఏందక్కా నువ్వు! చెప్పకుండా పంపిచ్చేది గదా. పండగ రేటు మళ్ళ వస్తాదా?"

"ఈ మాట మీ ఇంట్లో పూజకు కూచునే ఆమెతో అను," అని వదిన ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత, నేను వినాలని కాకుండా, "పూలమ్మే ఈయప్పకే మైల పట్టింపు ల్యా," అని గొణుక్కుంది.

శుక్రవారం మా ఊళ్ళో ఎవరింటి ముందూ ముగ్గు లేదు. ఆ మరునాడు బంతిరేకుల అంచులు కమిలాయి. మధ్యాహ్నం పడమటి వైపు మబ్బు పట్టింది. మేము ముగ్గురం మాట్లాడుకుంటున్నవాళ్ళం మాటలు ఆపి చూశాం. గాలి దాన్ని మా నెత్తిమీదుగా తీసుకుపోయింది.

శనివారం సాయంత్రం అన్న తనంతట తానే మెత్తబడ్డాడు. "వినాయక చవితి వస్తాది గదా. అప్పటికి మైల పోతాది. మల్ల మొగ్గ వేస్తాది. చవితి దాకా రెండిటికీ నీళ్ళు కడదాం," అన్నాడు. అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు. "అమ్మీ, నీకు లెక్కలు తెలుసు గదా. బోరు చూసి చెప్పు. వస్తాయా, రావా?"

ఆ వారం మొత్తంలో నన్ను ఎవరైనా నాకు తెలిసిన పని అడిగింది అదొక్కసారే. ఆదివారం పొద్దున మోటారు వేయించి, పైపు కింద బక్కెట పెట్టి, అది నిండే సమయాన్ని మొదట ఒకసారి, కాసేపు పారాక ఒకసారి, ఇంకా పారాక ఒకసారి చూశాను. ప్రతిసారీ ముందటికన్నా ఆలస్యమైంది. చివరికి పైపు దగ్గడం మొదలుపెట్టింది. నీళ్ళు, గాలి, నీళ్ళు, గాలి. మోటారు ఆపి, బోరులో నీరు మళ్ళీ ఊరేదాకా ఆగి, తిరిగి చూశాను. చీనీ ఆకులు మధ్యాహ్నం కాకముందే దోనెల్లా ముడుచుకుంటున్నాయి. చెట్టుకు ఎంత, సాలుకు ఎంత అని అన్నను అడిగి, అంకెలు వేసి, కూడి, మళ్ళీ కూడాను. తప్పు దొరకాలని వెతికాను. దొరకలేదు.

నా జవాబు కోసం ఇద్దరూ నిలబడి ఉన్నారు. కొద్దిగా పెంచి చెప్పవచ్చు. పెంచితే చీనీ చెట్లు పోతాయి, అవి కాపుకు రావడానికి పట్టినన్ని సంవత్సరాలు పోతాయి. తగ్గించి చెప్పవలసిన అవసరమే లేదు. నిజమే తక్కువగా ఉంది.

"చవితి దాకా రెండిటికీ రావు," అన్నాను.

"ఒక దానికి?"

"ఒక దానికి వస్తాయి."

అన్న ఇంకేదో అనబోయాడు. వదిన ఆయనను అననివ్వలేదు. "రెండిటికీ కడితే రెండూ సస్తాయి. మీ చెల్లెలే చెప్పింది గదా," అని మోటారు గది దగ్గరికి వెళ్ళి, వంగి, పూలవైపు వాల్వును తానే తిప్పేసింది. అది గట్టిగా పట్టేసి ఉంది; రెండు చేతులతో తిప్పవలసి వచ్చింది. అన్న సాయానికి వెళ్ళలేదు. వెళ్ళడం తప్పో, వెళ్ళకపోవడం తప్పో ఆయనకు తెలియలేదనుకుంటాను.

మా వైపు ఎండిపోయే పైరును వట్టిగా ఎండనివ్వరు. గొర్రెలను వదులుతారు, మేత వాటికి, ఎరువు నేలకు. సోమవారం పొద్దున వదినే గొర్రెలాయనకు కబురు పంపింది. నేను ఆ మధ్యాహ్నం రైలుకు వెళ్ళవలసి ఉంది. పుస్తకం, పెట్టె అప్పటికే సంచిలో సర్దుకున్నాను. వేళ్ళ గీతల్లో మాత్రం పసుపు పొడి మిగిలిపోయింది. ఎంత కడిగినా పోలేదు.

మంద వచ్చింది. గొర్రెలాయన కంచె బయటే ఆగి, పూల వైపు చూసి, "ఇంత బాగున్న పూలకు ఇడ్సేదేందక్కా?" అన్నాడు.

"బాగున్నెప్పుడు ఇడిస్తేనే గదా గొర్రెలకు బాగుంటాది," అన్నది వదిన. ముళ్ళకంపను తనే లాగి పక్కన పడేసింది.

గొర్రెలు మొదట సందేహించాయి. బంతి ఆకు ఘాటు వాటికి నచ్చదు. ఒకటి కోడిజుట్టు పూవును కొరికింది, ఇంకొకటి కనకాంబరాల్లో దూరింది. ఆ తర్వాత మందంతా ఒక్కసారిగా లోపలికి కదిలింది. గిట్టల కింద కాడలు విరిగే చప్పుడు వర్షం మొదలైన చప్పుడులా ఉంది. పూల సాళ్ళకూ చీనీ చెట్లకూ మధ్య గట్టు ఒకచోట తెగి ఉంది. ఆ సందు గుండా దాటితే చీనీ కొమ్మలను అందినంత మేరా మేసేస్తాయి. అన్న ఒకవైపు, గొర్రెలాయన ఒకవైపు పరుగెత్తారు. నేను ఏం చేయాలో తెలియక మోటారు గది దగ్గర నిలబడి ఉన్నాను.

"అమ్మీ!" అని అరిచాడు అన్న. "ఆ సందులో పోయి నిలబడు! ఒక్కటి కూడా ఇట్ల రాకూడదు!"

పరుగెత్తి వెళ్ళి ఆ సందులో నిలబడ్డాను. చేతులు రెండు వైపులా చాపాను. గొర్రెలు నా ముందు దాకా వచ్చి, మూతులకు అంటిన రేకులతో నన్ను చూసి, వెనక్కి మళ్ళి మళ్ళీ పూలలోకే పోతున్నాయి. నేను అడ్డం నిలబడడమంటే వాటిని అటు తోలడమే. సాలు అవతల వదిన నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, మొత్తం తోటను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూస్తూ ఉంది.

"చేతులు ఇంకా బాగా చాపు మే," అన్నది అక్కడి నుంచే. "ఆ సందు పెద్దది."

చాపాను.